డేటాబేస్ పట్టికలో వరుస చేర్చడం

అప్పటికే ఉన్న డేటాబేస్ పట్టికలోకి ప్రోగ్రామ్ ద్వారా కొత్త సమాచారాన్ని ఒక వరుసగా చేర్చే పనిని కంప్యూటర్ పరిభాషలో ఇన్సర్ట్ అంటారు. పట్టికలో కాలమ్‌లు ముందే ఖరారై ఉంటాయి. ఎక్కడ అంకె రావాలి, ఎక్కడ తేదీ రావాలి, ఏది ఖాళీగా వదలకూడదు అన్న నియమాలూ ఉంటాయి. వాటికి లోబడిన వరుసనే పట్టిక లోపలికి రానిస్తుంది. ఎస్‌క్యూఎల్ భాషలో ఈ పనికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం వెనకున్న కట్టుబాట్లు మాత్రం కంప్యూటర్ల కన్నా చాలా పాతవి. తెలుగునాట వాటిని చూడాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్ళాలి.

రిజిస్టరు పుస్తకాలు

భారతదేశంలో దస్తావేజుల నమోదుకు 1864లో 16వ నంబరు చట్టం వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. దాని 51వ సెక్షన్ ఏ రకం దస్తావేజు ఏ పుస్తకంలోకి వెళ్ళాలో చెబుతుంది: స్థిరాస్తివి 1వ పుస్తకంలోకి, వీలునామాలు 3వ పుస్తకంలోకి, ఇతరాలు 4వ పుస్తకంలోకి. 53వ సెక్షన్ ప్రకారం ప్రతి పుస్తకంలో ఎంట్రీలకు వరుస సంఖ్యలు వేయాలి, ఏడాది మారగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. 55వ సెక్షన్ ఇండెక్సులు రాయమంటుంది. మనుషుల పేర్లతో వెతకడానికి ఇండెక్స్-1, ఆస్తి వివరాలతో వెతకడానికి ఇండెక్స్-2. దస్తావేజులో కొట్టివేతలు, పంక్తుల మధ్య ఇరికించిన రాతలు ఉంటే రాసిచ్చినవాళ్ళు అక్కడ సంతకం చేయాలి, లేకపోతే రిజిస్ట్రారు తిప్పి పంపవచ్చని 20వ సెక్షన్. రాజమహేంద్రవరంలో ఇల్లు కొన్నా, కడియంలో నర్సరీకి నేల కొన్నా ఆ లావాదేవీ ఈ పుస్తకాల్లో ఒక ఎంట్రీగా మారేది. నేటి డేటాబేస్‌లో ప్రైమరీ కీ, ఇండెక్స్, తప్పుడు వరుసను తిప్పికొట్టే నియమం అని దేన్ని అంటున్నామో అదంతా ఈ చట్టంలో అప్పటికే ఉంది.

కాడ్ నుంచి ఎస్‌క్యూఎల్ దాకా

ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. సమాచారమంతా పట్టికలుగా ఉండాలి, అది డిస్కులో ఎక్కడ ఉందన్న సంగతి ప్రోగ్రామ్‌కు తెలియనక్కర్లేదు అన్నది దాని సారం. ఆ తరవాత నార్మలైజేషన్ మీద రాస్తూ, పట్టికను సరిగ్గా విడగొట్టకపోతే వరుస చేర్చేటప్పుడే చిక్కు వస్తుందని చూపించాడు. ఉదాహరణకు గ్రామాల వివరాలను దస్తావేజుల పట్టికలోనే ఉంచామనుకుందాం. ఏ గ్రామంలోనైనా ఒక్క క్రయమైనా జరిగేదాకా ఆ గ్రామం పేరు డేటాబేస్‌లోకి ఎక్కే దారే ఉండదు. గ్రామాలకు వేరే పట్టిక కావాలి.

ఐబీఎంలోనే పనిచేసిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ప్రకటించిన సీక్వెల్ భాష ప్రధానంగా ప్రశ్నలు అడగడానికి ఉద్దేశించింది. వరుసలు చేర్చడం, మార్చడం, తీసేయడం కలిసిన పూర్తి రూపం 1976 నాటి సీక్వెల్-2లో వచ్చింది. అదే కాలంలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో తయారైన ఇంగ్రెస్ వ్యవస్థకు క్వెల్ అనే సొంత భాష ఉండేది. అందులో ఇదే పనికి వాడిన మాట అపెండ్. చివరికి ఐబీఎం వాడిన ఇన్సర్ట్ అన్న మాటే నిలిచింది. సీక్వెల్ భాషే ఎస్‌క్యూఎల్ పేరుతో 1986లో అమెరికా ప్రమాణంగా, 1987లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. ఒకే వాక్యంలో అనేక వరుసల విలువలను రాసి చేర్చే వీలు 1992 నాటి ప్రమాణంలో చేరింది.

కార్డ్

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటర్ల మీదికి తెచ్చిన ప్రాజెక్టును అందరూ కార్డ్ అనే పొట్టి పేరుతోనే పిలిచారు. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ దీని రూపకర్త. 1998 నవంబరు 4న 214 సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఇది మొదలైంది. అంతకు ముందు ఆస్తి మీద ఉన్న భారాలను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే గుమాస్తా ఎన్నో ఏళ్ళ ఇండెక్స్ పుస్తకాలు తిరగేయాల్సి వచ్చేది, కొన్నవాళ్ళు రోజుల తరబడి తిరగాల్సి వచ్చేది. కార్డ్ వచ్చాక అది నిమిషాల పని అయింది. ఈ వేగం ఊరికే రాలేదు. పాత ఇండెక్సుల్లోని ఎంట్రీలను మనుషులు కూర్చుని ఒక్కొక్కటిగా టైపు చేసి పట్టికల్లోకి ఎక్కించారు. అలా ఎక్కినవి 1983 నుంచి ఉన్నవే. అంతకన్నా పాత ఈసీ కోసం ఇప్పటికీ ఆఫీసు పుస్తకాలే దిక్కు. ఈసీలో ఏదైనా కనబడటానికి కారణం ఎవరో ఒకరు ఆ వరుసను చేర్చి ఉండటమే. ప్రాజెక్టు చరిత్రలో ఆ టైపు చేసినవాళ్ళ శ్రమకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

పొరపాటు పడితే నష్టం పెద్దది. సర్వే నంబరును ఒకచోట ఏటవాలు గీటు పెట్టి, మరోచోట చిన్న అడ్డగీత పెట్టి టైపు చేస్తే కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు నేలలు. తాకట్టు ఉన్న పొలానికి భారం లేదని ఈసీ రావచ్చు. అందుకే వరుస చేర్చే కోడ్, విలువలను ఒకే పద్ధతిలోకి సవరించుకున్నాకే ఇన్సర్ట్ వాక్యాన్ని పంపాలి.

నంబరు, ట్రాన్సాక్షన్

ఒక దస్తావేజు అంటే ఒక్క వరుస అనుకోకూడదు. ముగ్గురు అన్నదమ్ములు రెండు స్థలాలను ఇద్దరికి అమ్మితే దస్తావేజుకు ఒక వరుస, పార్టీలకు ఐదు, షెడ్యూలు ఆస్తులకు రెండు, మొత్తం ఎనిమిది చేరాలి. ఐదో వరుస దగ్గర కరెంటు పోతే అంతవరకు చేరినవీ చెరిగిపోవాలి. చేరితే అన్నీ, లేకపోతే ఏదీ లేదు అన్న ఈ నియమాన్ని ట్రాన్సాక్షన్ అంటారు. కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే దీని సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. థియో హేర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ 1983లో దాని లక్షణాలకు యాసిడ్ అని పేరు పెట్టారు.

ఇక్కడే చట్టానికీ సాఫ్ట్‌వేర్‌కూ సున్నితమైన తేడా ఒకటుంది. చాలా డేటాబేస్‌లు కొత్త వరుసకు వాటంతట అవే నంబరు ఇస్తాయి. కానీ ట్రాన్సాక్షన్ మధ్యలో రద్దయితే ఆ నంబరు వెనక్కి రాదు, వరుసలో ఖాళీ మిగులుతుంది. వేగం కోసం కావాలనే అలా కట్టారు. 53వ సెక్షన్ అడిగేది తెగని వరుస. 1204 తరవాత 1206 కనిపిస్తే మధ్య దస్తావేజు ఎక్కడ పోయిందని ఎవరైనా అడుగుతారు. కాబట్టి దస్తావేజు నంబరును డేటాబేస్ తనంతట తాను ఇచ్చే నంబరుతో కలపకుండా, తనిఖీలన్నీ ముగిశాక, ఆఖరి అడుగులో, పట్టికకు తాళం వేసి ఇవ్వాలి. వరుసను గుర్తించే కీలో ఆఫీసు, పుస్తకం, సంవత్సరం, సంఖ్య నాలుగూ ఉండాలి. జనం నోట వినిపించేది మాత్రం నంబరు, దాని పక్కన సంవత్సరం.

కోడ్ రాసే తీరు

మొదట్లో కోబాల్ వంటి భాషల మధ్యలోనే ఎస్‌క్యూఎల్ వాక్యాలు పొదిగేవారు. 1992లో ఓడీబీసీ, 1997లో జావాతో జేడీబీసీ వచ్చాక ఏ ప్రోగ్రామ్ అయినా ఏ డేటాబేస్‌తోనైనా మాట్లాడగలిగింది. సౌకర్యంతో పాటు ప్రమాదమూ వచ్చింది. విలువలను వాక్యంలోకి నేరుగా అతికిస్తే, చిరునామాలో చర్చి పేరును ఇంగ్లీషులో రాసినప్పుడు పడే ఒక్క అపాస్ట్రఫీకే వాక్యం విరిగిపోతుంది. దుర్మార్గుడు అదే సందులోంచి సొంత ఆజ్ఞ దూర్చగలడు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనే ఈ దాడి గురించి 1998లో ఫ్రాక్ పత్రికలో వచ్చింది. వాక్యాన్ని ముందుగా సిద్ధం చేసి విలువలను విడిగా పంపడమే దీనికి సరైన విరుగుడు. ఈ జాగ్రత్తకు మినహాయింపు ఉండకూడదు.

తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికినా పట్టికల్లో చిక్కు వెంటనే తీరలేదు. రాజమహేంద్రవరం అన్న పేరు చదివేవాళ్ళకు 7 అక్షరాలు, యూనికోడ్ లెక్కలో 13 సంకేతాలు, యూటీఎఫ్-8లో 39 బైట్లు. ఊరి పేరుకు 30 బైట్లే కేటాయించిన కాలమ్‌లో ఇంగ్లీషు పేరు హాయిగా ఇముడుతుంది, తెలుగు పేరుతో వరుస చేర్చబోతే తిరస్కరణ ఎదురవుతుంది.

మార్పా, చేర్పా

2015లో ప్రభుత్వం రాజమండ్రి పేరును రాజమహేంద్రవరంగా మార్చింది. ఇది ఉన్న వరుసలో మార్పు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అది చేర్పు. తూర్పు గోదావరి కేంద్రం కాకినాడ నుంచి రాజమహేంద్రవరానికి వచ్చింది, అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరే జిల్లా అయింది. ముందు జిల్లాల పట్టికలో కొత్త వరుసలు చేర్చి, ఆపైనే మండలాలను వాటికి ముడిపెట్టాలి. క్రమం తప్పితే డేటాబేస్ ఒప్పుకోదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం నమోదుది ఇంకో తీరు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఒక్క గడిలో తాజా మట్టాన్ని దిద్దుకుంటూ పోతే నది ఎంత వేగంగా పెరుగుతోందో తెలియదు. ప్రతి రీడింగూ వేళతో సహా కొత్త వరుస కావాలి.

భూమి రికార్డుల్లోనూ అంతే. ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉన్న రాజోలులో 1999లో రిజిస్టరైన దస్తావేజులో జిల్లా తూర్పు గోదావరి అనే ఉంటుంది, ఉండాలి కూడా. దస్తావేజులో తప్పు దొర్లితే పాత ఎంట్రీని చెరపరు. సవరణ దస్తావేజు రాయించుకుంటే దానికి ఆ ఏడాది వరుసలో వేరే నంబరు పడుతుంది. ఏ వరుస ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో పట్టికే గుర్తుంచుకునే ఏర్పాటు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 2011లో వచ్చింది.