ఆపిల్ తోటల్లో కాడ్లింగ్ మాత్: సమగ్ర నియంత్రణ చరిత్ర

కాడ్లింగ్ మాత్ ఆపిల్‌ను పీడించే కాయతొలుచు పురుగు. శాస్త్రీయ నామం సిడియా పోమొనెల్లా. యూరప్, ఆసియాలకు చెందిన ఈ పురుగు ఆపిల్ సాగుతో పాటే అమెరికా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలకు పాకింది. రెక్కల పురుగు ఆకుల మీదా పిందెల మీదా గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల పురుగు త్వరగా కాయను తొలుచుకుని గింజల దాకా పోతుంది. ఒకసారి లోపలికి చేరిందంటే పైన చల్లిన మందు దాన్నేమీ చేయలేదు.

19వ శతాబ్దపు రైతులు చెట్టు బెరడు గీకేవారు, మొదళ్లకు గడ్డి, గుడ్డ పట్టీలు చుట్టి అందులో దాగిన పురుగులను ఏరి చంపేవారు. 1892లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మరో పురుగు కోసం తయారైన లెడ్ ఆర్సెనేట్ ఆ తర్వాత ఆపిల్ తోటలకూ వచ్చింది. అర్ధ శతాబ్దం పాటు అదే రైతుకు దిక్కు. దాని మూల్యం మాత్రం భారీగానే ఉంది. 1925లో అమెరికా ఆపిళ్లపై ఆర్సెనిక్ అవశేషాలు ఉన్నాయని బ్రిటన్‌లో గగ్గోలు పుట్టింది. 1928 నాటికే కొలరాడోలోని కాడ్లింగ్ మాత్‌లు ఆ విషాన్ని ఎక్కువగా తట్టుకుంటున్నాయని కీటక శాస్త్రవేత్త వాల్టర్ హఫ్ చూపాడు. వాషింగ్టన్ రాష్ట్రంలోని పాత తోటల నేలల్లో సీసం, ఆర్సెనిక్ నేటికీ మిగిలే ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వచ్చింది. అది కాయతొలుచు పురుగుతో పాటు, ఆకుల రసం పీల్చే నల్లులను తినే మిత్ర పురుగులనూ చంపేసింది. దాంతో నల్లి విజృంభించింది. కొన్నేళ్లకే కాయతొలుచు పురుగు డీడీటీనీ తట్టుకుంది.

ఈ గుణపాఠాన్ని ముందుగా పట్టుకున్నవాడు కెనడాలోని నోవాస్కోషియాకు చెందిన కీటక శాస్త్రవేత్త ఎ.డి. పికెట్. మిత్ర పురుగులకు హాని తక్కువ చేసే మందులనే ఎంచుకోవాలని 1940ల్లోనే వాదించి, తోటల్లో చేసి చూపాడు. 1960ల్లో వాషింగ్టన్ రాష్ట్రంలోని వెనాచీలో కీటక శాస్త్రవేత్త స్టాన్లీ హోయిట్ నల్లిని తినే నల్లిని కాపాడుకునేలా మందుల వాడకాన్ని సవరించాడు. ఆపిల్ తోటల్లో సమగ్ర సస్యరక్షణ ఇలా మొదలైంది.

1971లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో శాస్త్రవేత్త వెండెల్ రోలాఫ్స్ బృందం మగపురుగులను ఆకర్షించే ఆడపురుగు వాసన రసాయనాన్ని గుర్తించింది. దానితో లింగాకర్షక బుట్టలు తయారయ్యాయి. మొదటి మగపురుగులు బుట్టలో పడిన రోజు నుంచి ఉష్ణోగ్రతలు లెక్కగట్టి, గుడ్లు పొదిగే సమయానికే మందు చల్లడం సాధ్యమైంది. అదే వాసనను తోటంతా నింపితే మగపురుగుకు జత దొరకదు. మన పత్తి చేలల్లో గులాబీరంగు పురుగు మీద వాడుతున్నదీ ఈ పద్ధతే. అయితే పక్క తోటలో జతకట్టిన ఆడపురుగు ఎగిరివస్తే ఈ శ్రమంతా వృథా. అందుకే 1995లో వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియాల్లో ఇరుగుపొరుగు రైతులను కలిపి ప్రాంతమంతటా ఒకేసారి అమలుచేసే పథకం మొదలైంది. వాషింగ్టన్‌లో షెలాన్ దగ్గరి హోవర్డ్ ఫ్లాట్ అందులో పేరుపడింది. ఘాటైన మందుల వాడకం బాగా తగ్గింది.

కెనడాలోని ఒకనాగన్ లోయది మరో దారి. ఆసోయూస్‌లో పెంచిన పురుగులను రేడియేషన్‌తో వంధ్యం చేసి 1994లో తోటల్లో వదలడం మొదలుపెట్టారు. పెరటి చెట్ల యజమానులు సైతం పురుగును అదుపులో ఉంచాల్సిందే.

1963లో మెక్సికోలో దొరికిన గ్రాన్యులోసిస్ వైరస్ కాడ్లింగ్ మాత్‌ను చంపి మిత్ర పురుగులను వదిలేస్తుంది. దాన్నీ తట్టుకునే పురుగులు 2005 నాటికి జర్మనీ తోటల్లో బయటపడ్డాయి. ఒంటరిగా వాడిన ఏ పద్ధతీ ఎల్లకాలం నిలవలేదు.

భారతదేశంలో ఈ పురుగు ఉనికి లద్దాఖ్‌కు పరిమితం. కశ్మీర్ లోయ, హిమాచల్ తోటలకు అది చేరకుండా క్వారంటైన్ నియమాలను కచ్చితంగా పాటించడమే అన్నిటికన్నా చవకైన నియంత్రణ.