గడ్డికత్తికి ఇంజను బలము అందిన తీరు

హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారముల పేర్లు చెప్పగానే నేడు కర్మాగారములు, మెట్రో రైలు, క్రికెట్ మైదానము గుర్తునకు వచ్చును. కాని ఉప్పలునకు దాపున, మూసీనది వెంబడి పీర్జాదిగూడ, పర్వతాపురము, కాచవాని సింగారము ప్రాంతములలో రైతులు నగరపు మురుగునీటితో పారాగడ్డి పెంచి, పట్టణములోని పాడిపశువులకు అమ్ముచు వచ్చిరి. ఆ గడ్డిని కోసినది కొడవలి. కోయువాని చేయి అలసినచో కొడవలి నెమ్మదించును. రాయి తగిలినచో ఆగును. బలము నిచ్చునదియు, దానిని వాడునదియు ఒకే దేహమునకు చెందినవగుటచే వాటి నడుమ పేచీ లేదు.

ట్రాక్టరు వెనుక తగిలించిన రోటరీ గడ్డికోత యంత్రమున ఈ పొత్తు కుదరదు. ముందు నిమిషమునకు వెయ్యి, రెండువేల చుట్లు తిరుగు ఇంజను. వెనుక కదలక మెదలక పడియున్న బరువైన ఉక్కు కత్తులు. ఈ రెంటిని కుదుపు లేకుండ కలుపుట ఎట్లు? ఈ ప్రశ్న పుట్టి నూరేండ్లు దాటినది.

అంతకు ముందు, గుఱ్ఱములు లాగిన కాలమున, కోతయంత్రమునకు దాని బండిచక్రమే ఆధారము. నేలపై దొరలు చక్రము పండ్లచక్రముల ద్వారా కత్తిని ఆడించెడిది. తడినేలలో చక్రము జారినచో కత్తి ఆగును. గడ్డి దట్టమైన చోట బండి నెమ్మదించగా కత్తియు నెమ్మదించును. అనగా బలము మిక్కిలిగా కావలసిన చోటనే అది తక్కువగా దొరకెడిది! ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రాన్సు దేశమున గూజీ అను రైతు, తానే మెకానిక్కు గూడ కావున, ట్రాక్టరు ఇంజను నుండి ఒక ఇరుసును వెనుకకు తెచ్చి కోతయంత్రమును నేరుగా త్రిప్పెను. అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఇంజనీరు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ దానిని చూచి మెచ్చుకొనెను. ఆ కంపెనీ 1918లో తెచ్చిన 8-16 ట్రాక్టరుతో ఈ ఏర్పాటు అంగడి కెక్కినది. దీని పేరు పవర్ టేకాఫ్. మన రైతులు పి.టి.ఓ. అందురు. 1927లో అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘము ఈ ఇరుసు వేగమును నిమిషమునకు 536 చుట్లుగా, పది అటునిటుగా, నిర్ణయించినది. పిమ్మట అది 540 అయినది.

తొలినాటి పి.టి.ఓ.లో ఒక చిక్కు ఉండెను. ట్రాక్టరు చక్రములకును పి.టి.ఓ.కును ఒకే క్లచ్చి. బండి ఆపుటకు పెడలు త్రొక్కినచో కత్తియు బలము కోల్పోవును. అంతకన్న ప్రమాదకరమైనది మరొకటి కలదు. వేగము నందుకొన్న కత్తులు కుమ్మరి సారె వలె తమంత తాము తిరుగుచునే యుండి, గేర్ల గుండా వెనుకనుండి చక్రములను త్రిప్పును. డ్రైవరు క్లచ్చి త్రొక్కియే యుండును, ట్రాక్టరు మాత్రము ముందునకు పోవుచునే యుండును! దీనికి విరుగుడు సైకిలు వెనుక చక్రములోనే యున్నది. పెడలు ఆపినను సైకిలు చక్రము తిరుగును గాని, చక్రము పెడలును త్రిప్పజాలదు. అట్టి ఒకవైపు పట్టు గల క్లచ్చిని పి.టి.ఓ. ఇరుసునకు తొడిగిరి. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన కాలమున కెనడాలోని కాక్‌షట్ కంపెనీ తన మోడల్ 30 ట్రాక్టరులో, బండి ఆగినను తిరుగుచుండు పి.టి.ఓ.ను ప్రవేశపెట్టెను. ఒకే పెడలు సగము త్రొక్కిన బండి, పూర్తిగా త్రొక్కిన పి.టి.ఓ. ఆగు జంట క్లచ్చియు వాడుకలోనికి వచ్చినది.

అయినను ఆగియున్న కత్తిని కదలించుట అను అసలు సమస్య అట్లే యున్నది. విద్యార్థులు దీనిని లెక్కగట్టి చూడవచ్చును. కత్తులకును, వాటిని మోయు పళ్లెమునకును కలిపి జడత్వ భ్రామకము 6 కిలోగ్రాము-చదరపు మీటర్లు అనుకొందము. గేరుపెట్టె వేగమును పెంచుటచే కత్తులు నిమిషమునకు 1000 చుట్లు తిరిగిన, కోణీయ వేగము సెకనుకు సుమారు 105 రేడియన్లు. గతిజశక్తి సుమారు 33,000 జౌళ్లు. 600 కిలోల బరువును అయిదున్నర మీటర్ల ఎత్తునకు లేపుటకు ఇంత శక్తి కావలెను. కత్తి కొన ఇరుసుకు 75 సెంటీమీటర్ల దూరమున నున్నచో దాని వేగము సెకనుకు 79 మీటర్లు.

ఇంజను ఒకే వేగముతో తిరుగుచుండగా క్లచ్చి జారుచు కత్తులను ఆ వేగమునకు తెచ్చినచో, కత్తులలో చేరినంత శక్తియే క్లచ్చి పలకలలో వేడిగా మారును. పెడలును నెమ్మదిగా విడిచిన మాత్రమున ఈ వేడి తగ్గదు. చాలమంది దీనిని నమ్మరు. నెమ్మదిగా విడుచుటచే తగ్గునది కుదుపు; ఇరుసుపై, కీళ్లపై, గేరు పండ్లపై పడు దెబ్బ. వేడి తగ్గవలెనన్న ఇంజను వేగమే తగ్గవలెను. శక్తి వేగము యొక్క వర్గమును బట్టి యుండును గనుక, సగము వేగమున కలిపినచో వేడి నాలుగవ వంతే, అనగా సుమారు 8,000 జౌళ్లు. ఆపై క్లచ్చి జారుట మాని గట్టిగా పట్టుకొనును. పిదప ఇంజనును పెంచినపుడు తక్కిన శక్తి పలకలను కాల్చక కత్తులకు చేరును. తిరగలి విసరు స్త్రీ మొదట మెల్లగా రాయిని కదలించి తరువాతనే వడి పెంచును. ఆమెకు వర్గసూత్రము చెప్పినవారు లేరు.

కావున గడ్డి లేని చోట, ఇంజను ఆగిపోనంత తక్కువ వేగమున, పెడలును నెమ్మదిగా విడిచి పి.టి.ఓ.ను కలుపుదురు, కత్తులు నిలకడగా తిరిగిన పిమ్మట 540కి పెంచి, ఆ తరువాతనే గడ్డిలోనికి నడుపుదురు. అంతకు ముందే ఇరుసుపై కప్పు సరిగా నున్నదో లేదో చూడవలెను. సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగు ఇరుసునకు పంచె కొంగో, చున్నీయో చిక్కినచో చేయి వెనుకకు తీయు వ్యవధి యుండదు.

ఇంటర్నేషనల్ హార్వెస్టరు 1963లో మహీంద్రా వారితో కూడి మన దేశమున ట్రాక్టర్ల తయారీకి పూనుకొన్నది. ఉప్పలునకు పడమర దిక్కున, నగరము నవతల నున్న జహీరాబాదులో 2013 నుండి మహీంద్రా ట్రాక్టర్లు తయారగుచున్నవి. నేటి ఖరీదైన ట్రాక్టర్లు కొన్నింటిలో నూనె పీడనముతో పనిచేయు క్లచ్చి, మీట నొక్కగానే తానే మెల్లమెల్లగా పట్టు బిగించును. అట్టి క్లచ్చికిని వర్గసూత్రము వర్తించును గనుక, దానిని గూడ ఇంజను వేగము తగ్గించియే కలుపవలెను.