ట్రౌటు చేపల సుడిరోగము

1880 దశకములో జర్మనీ దేశమున చేపలు పెంచువారు ఉత్తర అమెరికానుండి రెయిన్‌బో ట్రౌటు అను చేపను తెప్పించి చెరువులలో పెంచసాగిరి. కొలది ఏండ్లకే వానిలో ఒక వింత రోగము పొడసూపెను. చేపపిల్ల తన తోకను తానే తరుముకొనుచున్నట్లు గిరగిర తిరుగుచు, మేత పట్టలేక, అలసి చచ్చుచుండెను. కొన్నింటి తోకలు నల్లబడెను. బ్రతికిన చేపలలో కొన్నింటికి తల, వెన్ను వంకరపోయెను.

మ్యూనిక్ నగర శాస్త్రజ్ఞుడు బ్రూనో హోఫర్ 1893లో ఈ రోగమును గుర్తించెను. దీనికి కారణమగు పరాన్నజీవికి 1903లో పేరు పెట్టెను. దానినే నేడు మిక్సోబోలస్ సెరిబ్రాలిస్ అందురు. చేపపిల్ల యెముకలు ఇంకను గట్టిపడక మృదులాస్థిగా నున్న దశలో ఈ జీవి దానిని తినివేయును. అందువలన నాడులు నలిగి చేప అదుపు తప్పును. యూరపు ఖండపు గోధుమరంగు ట్రౌటు తరతరములుగా ఈ జీవికి అలవాటు పడినది గనుక అంతగా బాధపడదు. క్రొత్తగా వచ్చిన చేపకే ఆపద మెండు.

అయితే ఈ రోగము చేపనుండి చేపకు ఎట్లు సోకును? పరాన్నజీవి సిద్ధబీజములు మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు ఉండును. వానిని నేరుగా చేపలకు తినిపించినను రోగము రాలేదు. కొన్ని నెలలు బురదలో ఉంచిన పిదప వచ్చెను. కావున బీజములు బురదలో మాగవలెనని చాలకాలము తలచిరి. ఈలోగా 1950 దశకములో రోగము అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమును చేరెను.

1984లో గుట్టు బయటపడెను. బురదలో నివసించు ట్యూబిఫెక్స్ అను సన్నని ఎర్రపురుగు ఆ బీజములను మ్రింగగా, సుమారు మూడు నెలలకు దాని ప్రేగులో మూడు చేతుల లంగరు వంటి మరొక రూపము తయారగునని అమెరికా శాస్త్రజ్ఞులు కెన్ వుల్ఫ్, మరియా మార్కివ్ నిరూపించిరి. అది నీటిలో తేలుచు వచ్చి, చేప చర్మమునకు తగులుకొని, లోనికి చొచ్చును. ఇట్టి లంగరు రూపములను 1899లోనే బొహీమియాకు చెందిన ష్టోల్ట్స్ పురుగులలో చూచి, వేరు జీవులుగా వర్ణించియుండెను! గ్రంథములలో రెండు తరగతులుగా నున్నవి ఒకే జీవి రెండు దశలని తేలెను.

పిల్లలను మట్టి చెరువులలో గాక కాంక్రీటు తొట్లలో పెంచినచో రోగము తగ్గుననుటకు కారణము దీనితో స్పష్టమయ్యెను: బురద లేనిచోట పురుగు లేదు. కాని నదులకు ఈ ఉపాయము పనికిరాదు. మోంటానా రాష్ట్రపు మాడిసన్ నదిలో 1994లో రోగము బయటపడునప్పటికి, ఎగువ భాగమున రెయిన్‌బో ట్రౌట్లు పదింట తొమ్మిది వంతులు తగ్గిపోయియుండెను. చేపల రోగమును అరికట్టదలచువారు చేపతోపాటు నీటి అడుగున నున్న బురదనుగూడ పరీక్షింపవలెను.