రేసింగు డ్రైవర్ల జట్టు మార్పు

మోటారు రేసింగులో వృత్తి చివరి దశలో డ్రైవరు జట్టు మారడం తరచూ చర్చకు వచ్చే అంశం. ఎంత అనుభవజ్ఞుడైనా బలహీనమైన కారుతో గెలవడం కష్టం. కొత్త కారు తీరు, ఇంజనీర్ల పద్ధతి అలవాటు కావడానికి సమయం పడుతుంది. యువకులకు ఆ వ్యవధి ఉంటుంది, వయసు పైబడినవారికి ఉండదు.

ఫార్ములా 1

1993లో 38 ఏళ్ళ అలెన్ ప్రోస్ట్, అంతకు ముందు ఏడాది విజేతగా నిలిచిన విలియమ్స్ జట్టులో చేరి, నాలుగవ ప్రపంచ టైటిలు సాధించి విరమించాడు. 2025లో 40 ఏళ్ళ లూయిస్ హామిల్టన్ మెర్సిడెస్ నుండి ఫెరారీకి మారాడు. చైనాలో స్ప్రింట్ పోటీ గెలిచినా, ఆ ఏడాది ప్రధాన పోటీలలో ఒక్కసారీ మొదటి మూడు స్థానాలలో నిలవలేదు.

హైదరాబాదు పోటీ

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన భారతదేశపు మొదటి ఫార్ములా ఈ పోటీ జరిగింది. 2022తో టెచీటా జట్టు నిష్క్రమించగా, అందులోని ఇద్దరు మాజీ ఛాంపియన్లు కొత్త జట్లతో ఇక్కడ పాల్గొన్నారు. డీఎస్ పెన్‌స్కీ తరఫున జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. పోర్షె తరఫున ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టా మూడవ స్థానం పొందాడు. టెచీటాకు యంత్రాలు సమకూర్చిన డీఎస్ సంస్థ కూడా వెర్న్‌తో పాటు పెన్‌స్కీకి వచ్చింది. అదే సీజనులో 38 ఏళ్ళ వయసులో మహీంద్రాలో చేరిన లూకాస్ డి గ్రాసీ, మెక్సికోలో మూడవ స్థానం పొందినా, సీజను ముగిశాక జట్టును వీడాడు.

ఈ ఉదాహరణలను బట్టి, వయసు కంటే చేరబోయే జట్టు కారు సామర్థ్యమే ప్రధానమని తెలుస్తుంది.