వరవిక్రయము : దాతయొక్క దోషము

గోదావరి మండలమున వెలసిన సాంఘిక నాటకములలో కాళ్లకూరి నారాయణరావుగారి (1871-1927) 'వరవిక్రయము' ప్రముఖమైనది. దీనిని వరకట్న ఖండనముగా మాత్రమే పఠించుట పరిపాటి. కాని కట్నమును గర్హించు తండ్రియే కట్నమిచ్చుటకు లోబడుట ఇందలి అసలు చిక్కు. దానిని పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

గురజాడవారి 'కన్యాశుల్కము' 1892లో ప్రదర్శితమై 1897లో ముద్రితమైనది. అందు ధనము వరపక్షమునుండి కన్యాపితకు చేరును. సుమారు మూడు దశాబ్దములకు వెలువడిన 'వరవిక్రయము'న ధనము ఎదురు నడచినది. ఆంగ్లవిద్యయు, సర్కారు ఉద్యోగమును వరునికి వెల పెంచిన కారణములలో ముఖ్యములు. అంతమాత్రమున మొదటి ఆచారము నశించిన పిమ్మటనే రెండవది పుట్టెనని తలపరాదు. కొంతకాలము రెండును పక్కపక్కనే ఉండెను.

నాటకమున పురుషోత్తమరావు భూమిని విక్రయించి పెద్దకుమార్తె కాళింది పెండ్లికి కట్నము సమకూర్చును. తనకై తండ్రి పడు దురవస్థను సహింపలేక ఆమె ప్రాణత్యాగము చేయును. లింగరాజు ఆ సొమ్ము తిరిగి ఈయడు. అంతట చిన్నకూతురు కమల ఆ వరునినే పెండ్లాడి, వెల యిచ్చి కొన్నవాడు తన యింటికే రావలెనని వాదించును. అక్క తండ్రి తప్పును తన ప్రాణముతో తీర్చెను. చెల్లెలు 'విక్రయ'మను మాటకు గల అర్థమును న్యాయస్థానమున నిలిపెను.

ఈ నాటకమును కాకినాడకు చెందిన సి. పుల్లయ్యగారు 1939లో చలనచిత్రముగా తీసిరి. కాళింది పాత్రతోనే భానుమతిగారు చిత్రసీమలో ప్రవేశించిరి. గృహకలహమును న్యాయస్థానమునకు చేర్చి, పెద్దల నడవడిని బిడ్డల కన్నుల యెదుట నిలుపు ఈ పద్ధతి మనకే పరిమితము కాదు. ఇరాన్ దర్శకుడు అస్ఘర్ ఫర్హాదీ 2011లో రచించి తీసిన 'ఎ సెపరేషన్' చిత్రమున విడిపోవు తల్లిదండ్రులలో ఒకరిని ఎన్నుకొను భారము కూతురిపై పడును. రెండింటను పెద్దలు తీర్చుకొనలేని చిక్కు బిడ్డలకు సంక్రమించినది.

1958లో ఆంధ్రప్రదేశమునను, 1961లో దేశమంతటికిని వరకట్న నిషేధ శాసనములు వచ్చెను. 1961 నాటి శాసనము కట్నము పుచ్చుకొన్నవానితోపాటు ఇచ్చినవానిని కూడ దండనార్హునిగా పేర్కొన్నది. ఆ లెక్కన లింగరాజును పురుషోత్తమరావును ఒకే బోనులో నిలువవలెను. ఇరువురి దోషము సమానమా? నాటకము తండ్రిని నిర్దోషియనలేదు. లింగరాజుతో సమానునిగను చూపలేదు. శాసనము తేల్చలేని ఈ తారతమ్యమును ప్రేక్షకుని మనస్సాక్షికి విడుచుటయందే ఈ నాటకముయొక్క చారిత్రక ప్రాముఖ్యము గలదు.