అబిడ్స్ నుంచి కదిలిన ఇల్లు

1982 మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. ఆ తర్వాత హైదరాబాద్ అబిడ్స్‌లోని సొంత ఇల్లు ఆయనకు చుట్టపుచూపుగా వచ్చిపోయే చోటైంది. తిండి, నిద్ర, ప్రసంగం అన్నీ ఒక పాత షెవర్లే వ్యానుతోనే. దానికే చైతన్యరథమని పేరు. కుమారుడు హరికృష్ణ స్టీరింగు పట్టారు. లోపల పడక, కప్పు మీద నిలబడి మాట్లాడే వేదిక. స్నానం రోడ్డు పక్కనే. ఇప్పుడు మోటార్‌హోమ్ అంటున్న బండిని మన పల్లెల్లో ఎందరో మొదటిసారి చూసింది ఆ రూపంలోనే.

ఆ రథం ఎంత దూరం తిరిగిందో అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం అది ఎలా నిలబడిందన్నదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. మన రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి, వాన నీరు పోయేలా అంచులకు వాలుతుంది. అంచు దాటితే మట్టి. నల్లరేగడి అయితే చినుకు పడగానే చక్రాన్ని లోపలికి లాగేస్తుంది. రెండు పక్కల చక్రాల మధ్య అయిదున్నర అడుగుల ఎడం ఉన్న బండికి ఒకవైపు నాలుగంగుళాలు దిగబడిందనుకోండి. తొమ్మిదడుగుల ఎత్తున ఉన్న కప్పు ఆరున్నర అంగుళాలు పక్కకు జరుగుతుంది. కింద పట్టీల స్ప్రింగులు, పైన మనిషి బరువు, చుట్టూ బండిని ఆనుకుని నెట్టే జనం. అలాంటి చోట మైకు పట్టుకుని గంటల తరబడి నిలబడటం ఒంటికి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. పడుకున్నా అంతే. తల వైపు పల్లమైతే తెల్లారేసరికి తలంతా దిమ్ముగా ఉంటుంది.

విదేశాల్లో ఈ వాలు బాధను పెంచింది ఫ్రిజ్జు. 1922లో స్వీడన్‌లో బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు మోటారు లేకుండా, కేవలం వేడితో నడిచే ఫ్రిజ్జును తయారుచేశారు. గ్యాసు మంటతోనే పనిచేస్తుంది కనుక అది కారవాన్లకు సరిగ్గా సరిపోయింది. కానీ అందులో అమ్మోనియా ద్రావణం తనంతట తాను పల్లానికి జారుతూ తిరగాలి. బండి ఒరిగితే ద్రావణం దారిలో నిలిచిపోతుంది, ఖాళీ అయిన బాయిలరు మాడుతుంది, గొట్టం లోపల పెచ్చులు కట్టి ఫ్రిజ్జు శాశ్వతంగా మూలపడుతుంది.

మట్టం చేసే పద్ధతి చూడాలంటే జనవరిలో జరిగే ప్రదర్శనకు ముందు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు వెళ్లాలి. జెయింట్ వీల్ కాళ్ల కింద చెక్కదిమ్మలు పేర్చి మట్టం సరిచూస్తారు. ఇంటి బండికీ సూత్రం అదే. బండి లోపలి నేల మీద రసమట్టం పెట్టి ముందు కుడి ఎడమలు, తర్వాత ముందు వెనుకలు. పల్లం వైపు చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించడం పాత పద్ధతి. ఇప్పుడు ఛాసిస్‌కు నాలుగు హైడ్రాలిక్ కాళ్లు బిగిస్తున్నారు. మీట నొక్కితే పంపు ఆయిలును తోస్తుంది, వాలు పసిగట్టే సెన్సారు ఏ కాలు ఎంత దిగాలో చెబుతుంది. మెత్తటి నేలలో కాలి కింద వెడల్పాటి పలక తప్పనిసరి. వెనుక చక్రాలను మాత్రం గాలిలోకి లేపకూడదు. హ్యాండ్‌బ్రేకు పట్టేది వాటినే. అవి నేల వదిలితే బండిని ఆపేది ఏదీ ఉండదు.

ఆ షెవర్లేకు ఇవేవీ అక్కర్లేకుండానే ఫలితం వచ్చింది. 1983 జనవరి 5న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్. మొత్తం 294 స్థానాల్లో తెలుగుదేశానికి రెండువందలకు పైగా. 9న లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా రామారావు ప్రమాణ స్వీకారం. అబిడ్స్ ఇంటికి ఆ స్టేడియం దగ్గరే, ఆయన అడుగుపెట్టబోయే అసెంబ్లీ భవనమూ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కనే. ఊళ్లన్నీ చుట్టి వస్తే తప్ప ఆ కాస్త దూరం దాటడం కుదరలేదు.

తర్వాత దేశమంతా ఆ బాట పట్టింది. 1990లో అద్వానీ సోమనాథ్ నుంచి బయల్దేరింది రథంగా మార్చిన టొయోటా వాహనంలోనే. పోలికలన్నీ వేదిక గురించే వచ్చాయి, రాత్రిపూట అందులో బతికిన బతుకు గురించి రాసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు సొంతంగా ఇలాంటి బండి కట్టించుకునేవాళ్లకు చెప్పేదొకటి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో చేసే మార్పులకు నిబంధనలున్నాయి, ముందే రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. కాళ్లు బిగిస్తే బరువు పెరుగుతుంది, నేలకు బండికి మధ్య జాగా తగ్గుతుంది. కొలతలు తీసుకునేటప్పుడు మన స్పీడ్ బ్రేకర్ల ఎత్తు గుర్తుపెట్టుకోండి.