ప్రకటనల్లో ఫోటో దిద్దుబాటు పొరపాట్లు

ప్రకటన కోసం ఫోటోలను కత్తిరించి, అతికించి, సాగదీసి, రంగులు మార్చేటప్పుడు దొర్లి, అచ్చయ్యాక జనం కంటపడే తప్పులివి. ఒక మనిషికి మూడో చెయ్యి మిగిలిపోతుంది. పక్కపక్కన నిలబడ్డవారి నీడలు చెరో దిక్కుకు పడతాయి. ఒకరి మొండెం మీద మరొకరి తల కూర్చుంటుంది, ఒక నగరంలోని వంతెన మరో రాష్ట్రపు ప్రగతిగా అచ్చవుతుంది. తెలుగునాట ఇవి ఎక్కువగా కనిపించేది దినపత్రికల పూర్తి పేజీ ప్రకటనల్లో, కూడళ్లలోని ఫ్లెక్సీల మీద, స్థిరాస్తి వ్యాపారుల బ్రోచర్లలో. చూడగానే నవ్వొచ్చే ఈ తప్పులు చాలావరకు ఎవరికీ చేటు చేయవు. కంటికి ఆనకుండా సాఫీగా కుదిరిపోయిన దిద్దుబాటే కొనేవాణ్ణి ముంచుతుంది.

ఇబ్రహీంపట్నం దారిలో

స్థిరాస్తి ప్రకటనల్లో ఈ తేడా ఎలా ఉంటుందో ఇబ్రహీంపట్నం దారిలో చూడవచ్చు. రంగారెడ్డి జిల్లాలోని ఈ ఊరు హైదరాబాదుకు ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నాగార్జునసాగర్ రహదారి మీద ఉంది. ఇక్కడి పెద్ద చెరువు 16వ శతాబ్దపు ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడి నాటిది. బొంగ్లూరు దగ్గర సాగర్ రోడ్డును ఔటర్ రింగు రోడ్డు కలిసింది. ఆదిభట్లలో విమాన విడిభాగాల పరిశ్రమలు, ఐటీ ప్రాంగణం వచ్చాయి. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరేటు కొంగర కలాన్‌లో మొదలైంది. ఒకప్పుడు ఎకరాల్లో అమ్ముడైన నేల గజాల లెక్కకు మారింది. దానితోపాటే దారి పొడవునా ప్లాట్లు అమ్మే వెంచర్ల హోర్డింగులు లేచాయి.

వెంచర్ ప్రకటనకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. ప్రకటన వేసే నాటికి అక్కడ ఫోటో తీయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎర్రమట్టి, బండరాళ్లు, హద్దురాళ్లు, కంకర పరిచిన దారి, మహా అయితే ప్రవేశద్వారం దగ్గర ఒక కమాను. మిగతాదంతా డిజైనరే నింపాలి. డ్రోన్‌తో తీసిన చిత్రం మీద పచ్చిక పరుస్తారు, స్టాక్ ఫోటోల నుంచి చెట్లు, ఇళ్లు, కార్లు తెచ్చి పెడతారు. తప్పులు దొర్లేది ఇక్కడే. విదేశీ వీధి చిత్రాన్ని యథాతథంగా తెస్తే కార్లు రోడ్డుకు కుడివైపున పరుగెడతాయి. తెలంగాణ ఎండలో బతకని చెట్లు ప్లాట్ల మధ్య బారులు తీరతాయి. ఒకే చెట్టును పదిసార్లు అతికిస్తే పదింటికీ ఒకేచోట కొమ్మ విరిగి ఉంటుంది. ఇలాంటివి చూసి నవ్వుకున్నవాడు నష్టపోడు. చెరువు నీళ్లు నిలిచే శిఖం నేలను పచ్చిక కింద కప్పేసిన చిత్రాన్ని, హైటెన్షన్ విద్యుత్ తీగలను శుభ్రంగా చెరిపేసిన చిత్రాన్ని నమ్మినవాడు మాత్రం జీవితకాలపు పొదుపును పోగొట్టుకోవచ్చు.

తప్పు ఎలా పుడుతుంది

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్ 1990లో అమ్మకానికి వచ్చింది. అంతకుముందు చీకటిగదిలో, కత్తెర, బ్రష్షులతో రోజుల తరబడి చేసిన పని కంప్యూటరు తెర మీద నిమిషాల్లోకి వచ్చింది. ఫ్లెక్సీ ముద్రణ విస్తరించాక ప్రతి మండల కేంద్రంలోనూ డిజైనింగ్ దుకాణం వెలిసింది. రాత్రి ఆర్డరు ఇచ్చి తెల్లారేసరికి కూడలిలో కట్టాలంటారు. పుట్టినరోజు ఫ్లెక్సీలో పాతికమంది ముఖాలుండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఆ ముఖాల్లో ఒకటి పాస్‌పోర్టు ఫోటో అయితే మరొకటి పెళ్లి వీడియోలో కత్తిరించినది. తెల్లచొక్కా, నమస్కారం పెట్టిన చేతులు ముందే సిద్ధంగా ఉంటాయి కనుక తలలు మాత్రం మారుస్తారు. మెడ ఒక రంగులో, ముఖం ఒక రంగులో తేలడానికి కారణం ఇదే.

ఖాళీకి సరిపోవాలని ఫోటోను ఒకే పక్కకు లాగితే ముఖం చదునవుతుంది. అద్దంలోలా తిప్పేస్తే చీర పైట కుడి భుజం మీదికి, చొక్కా జేబు కుడి ఛాతీ మీదికి చేరతాయి, బండి నంబరు కుడి ఎడమలు తారుమారై చదవరాకుండా పోతుంది. జుట్టు అంచుల్లో పాత నేపథ్యపు రంగు గీతలా మిగులుతుంది. పనిచేసే వ్యక్తి గంటల తరబడి ఒకే చిత్రాన్ని చూస్తూ ఉంటే ఇవేవీ కంటికి ఆనవు. రెండో మనిషి ఒకసారి చూస్తే చాలు, దొరికిపోతాయి. ఆ రెండో మనిషికి జీతమిచ్చే దుకాణాలు తక్కువ.

తెలంగాణలో రైతుబీమా ప్రకటన

తెలుగునాట ఈ తరహా పొరపాట్లలో బాగా చర్చకు వచ్చినది 2018 ఆగస్టు నాటిది. స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా తెలంగాణ ప్రభుత్వం రైతుబీమా, కంటివెలుగు పథకాలను ప్రారంభిస్తూ పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది. ఒక గ్రామీణ మహిళ బిడ్డతో ఉన్న చిత్రం వాటిలో వచ్చింది. ఒక ప్రకటనలో పక్కన ఆమె భర్తే ఉన్నాడు. మరోదానిలో ఆ స్థానంలో సంబంధం లేని వేరొక పురుషుణ్ణి అతికించారు. సామాజిక మాధ్యమాల్లో జనం నవ్వుకున్నారు, ప్రతిపక్షాలు విమర్శించాయి. ఆ కుటుంబం మాత్రం ఊళ్లో తలెత్తుకోలేక తమ గోడు మీడియా ముందు చెప్పుకుంది. ప్రకటన తయారుచేసిన వారిని ప్రభుత్వం సంజాయిషీ అడిగింది.

ఈ ఉదంతాన్ని కేవలం హాస్యాల జాబితాలో చేర్చడం అన్యాయం. సాంకేతికంగా చూస్తే ఆ అతుకు పెద్దగా కనిపించేది కాదు. రెండు ప్రకటనలూ దాదాపు ఒకేసారి రావడం వల్లే దొరికింది. డిజైనరుకు ఆ మహిళ ‘రైతు కుటుంబం’ అనే ఒక బొమ్మ. ఆమెకు పేరు, ఇల్లు, చుట్టాలు ఉన్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమె అనుమతి అడిగి ఉంటే ఈ తప్పు అచ్చుదాకా వెళ్లేదే కాదు.

ఇతర ప్రసిద్ధ ఉదాహరణలు

2010 జనవరి 24న జాతీయ బాలికా దినోత్సవ ప్రకటనలో కపిల్ దేవ్, వీరేంద్ర సెహ్వాగ్‌ల సరసన పాకిస్థాన్ మాజీ వాయుసేనాధిపతి చిత్రం అచ్చయింది. కేంద్రం క్షమాపణ చెప్పింది. 2015 డిసెంబరులో చెన్నై వరదలను ప్రధాని విమానం నుంచి చూస్తున్న ఫోటోలో కిటికీ లోపల మరో చిత్రాన్ని అతికించి విడుదల చేసిన పత్రికా సమాచార కార్యాలయం, విమర్శల తర్వాత దాన్ని తొలగించింది. 2021 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రగతి ప్రకటనలో కోల్‌కతా ఫ్లైఓవర్ కనిపించింది. పట్టిచ్చినవి దానిమీది పసుపు అంబాసిడర్ టాక్సీలు. 2024 ఫిబ్రవరిలో కులశేఖరపట్నం రాకెట్ కేంద్రం గురించి తమిళనాడులో ఒక మంత్రి ఇచ్చిన ప్రకటనలో రాకెట్ మీద చైనా జెండా ఉంది.

పెద్ద సంస్థలూ మినహాయింపు కాదు. 2009లో మైక్రోసాఫ్ట్ పోలండ్ వెబ్‌సైటులో నల్లజాతి వ్యక్తి తలను తీసేసి తెల్లజాతి వ్యక్తి తల పెట్టారు. చెయ్యి మార్చడం మరిచారు. అదే ఏడాది రాల్ఫ్ లారెన్ ప్రకటనలో మోడల్ నడుము ఆమె తలకన్నా సన్నగా తేలింది. రెండు సంస్థలూ తప్పు ఒప్పుకున్నాయి.

చట్టం

శరీరాకృతిని మార్చిన మోడళ్ల చిత్రాలకు ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలని ఫ్రాన్స్ 2017 నుంచి, నార్వే 2022 నుంచి నిబంధన పెట్టాయి. భారత్‌లో అలాంటి ప్రత్యేక నిబంధన లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ. 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ. 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.

ఇబ్రహీంపట్నం పరిసరాల్లో ప్లాటు కొనేవారికి ఎక్కువ అక్కరకొచ్చేది 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా. దాని 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం చెల్లించాలి. కొనుగోలు వద్దనుకుంటే సొమ్మును వడ్డీతో తిరిగివ్వాలి. రెరా పరిధిలోకి వచ్చే వెంచర్ల ప్రకటనలో నమోదు సంఖ్య, రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా ఉండాలి. ఆ సంఖ్యతో వెతికితే ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను చూడవచ్చు. బ్రోచరులో పార్కుగా పచ్చగా మెరిసిన స్థలం ప్లానులోనూ పార్కేనా, ప్లాట్లుగా కోసి ఉందా అన్నది అక్కడే తేలుతుంది.